తోలు కప్పిన పిల్లలు

బళ్ళారి,
డిసెంబరు 28

మా హొన్నూరక్కకి,

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరం రాసే పిచ్చిమొహం ఎవరా అనుకుంటున్నావు కదూ. నేనే, నీ చెల్లెలు ఆశని. మీ ఎమ్మిగనూరు ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అదీ మీ అత్త హనుమంతమ్మ ఒళ్ళో ఉంటుంది. నేను హలో అనగానే ఆమె స్పీకరు నొక్కుతుంది. ఆ తర్వాత నేను ఏం కూర తిన్నానో మీ వీధి వీధంతా తెలుస్తుంది. ఈ మాటలు వీధికి చెప్పేవి కావు. అందుకే కాగితం పట్టుకున్నాను. నవ్వితే నవ్వుకో.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, నాన్చడం నాకు చేతకాదు. నేను యశస్వినిని ఓర్వలేకపోతున్నాను. మామూలుగా కాదు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగనంతగా. యశస్విని అంటే ఇక్కడ మా పరిశోధన కేంద్రంలో నాతో పాటు పనిచేసే పిల్ల. యశ్వంతనగర్‌లో ఇనుపరాయి లారీలు తిప్పే వెంకటరామి కూతురు. ఇద్దరం సుభద్రమ్మ మేడమ్ కింద ఉన్నాం. నేను చేరి మూడేళ్ళు, ఆమె చేరి పదినెలలు. ఫిబ్రవరిలో మేడమ్ మా ఇద్దరిలో ఒకరిని పీహెచ్‌డీకి తీసుకుంటుంది. ఉన్నది ఒకే సీటు. సీటు రాని మనిషి ఇంటికి పోవలసిందే, ఎందుకంటే మా ప్రాజెక్టు మార్చితో అయిపోతుంది.

ఆమె చెడ్డదైతే నా పని తేలికయ్యేది. చెడ్డది కాదు. క్యారియర్ తెచ్చుకుంటే సగం నాకు పెడుతుంది. మొన్న నా చెప్పు తెగితే తన చెప్పులు నాకిచ్చి తాను ఉత్త కాళ్ళతో ఇంటికి వెళ్ళింది. అవి నా కాలికి సరిగ్గా సరిపోయాయి. దానికి కూడా నాకు ఒళ్ళు మండింది.

మేం ఏం చేస్తామో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబితే గానీ నేను చేసిన పని నీకు అర్థం కాదు, ఓపిగ్గా విను. గొర్రెపిల్ల ఒంట్లో ఏ కణం తీసుకున్నా జన్యువులు అవే. కండలో ఉన్నవే తోలులోనూ ఉంటాయి. మరి ఒక కణం కండ ఎలా అయింది, ఇంకొకటి తోలు ఎలా అయింది? ఏ జన్యువు పని చేయాలి, ఏది ఊరుకోవాలి అని నడిపించే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు మయోడి. అది వచ్చి జన్యువుల మీద తన చోట అతుక్కుందంటే ఆ కణం ఇక కండ అయ్యే దారి పడుతుంది. తోలు కింద ఉండే కణంలో మయోడి పెడితే అది కూడా కండలా మారుతుందని ఎప్పుడో చూపించారు. మయోజెనిన్ అని ఇంకొకటి ఉంది. ఆ చిన్న చిన్న కణాలన్నీ కలిసిపోయి పొడవాటి పోగులయ్యేటప్పుడు దానికి పని. ఒక జీవానికి ఎన్ని పోగులుండాలన్నది చాలావరకు తల్లి కడుపులోనే తేలిపోతుంది. పుట్టాక ఎంత మేపినా ఉన్న పోగులే లావెక్కుతాయి గానీ కొత్తవి పెద్దగా పుట్టవు. అందుకని మేడమ్‌కి ఒక ప్రశ్న వచ్చింది. గొర్రె చూడి కట్టిన రెండో నెల నుంచే మంచి దాణా పెడితే, పుట్టే పిల్లలో ఈ ప్రోటీన్లు పెరుగుతాయా, కండ బాగా పడుతుందా అని. మన కరువు నేలలో జీవాలు కాసేవాళ్ళకి ఇది చిన్న ప్రశ్న కాదు.

ఆ పనికి మంద కావలసివస్తే మన నాయన మంద ఉందని చెప్పింది నేనే. పని నాకే ఇస్తుందనుకున్నాను. మేడమ్ ఏమందో తెలుసా? "సొంత మందలో సొంత కూతురే కొలిస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారు ఆశా." అలా అని ఆ పని యశస్విని చేతిలో పెట్టి, నన్ను ఎప్పటిలాగే ల్యాబ్‌లో ఎలుకల కణాలు పెంచుకోమంది. పది చూడి గొర్రెలను తీసుకున్నారు. ఐదింటికి ఉలవలూ వేరుశనగ చెక్కా కలిపిన దాణా, ఐదింటికి మామూలు బీడు మేత.

అప్పటినుంచి ఆమె వారానికి రెండుసార్లు మన ఊరు బండ్రికి పోవడం, రాగానే నా బల్ల దగ్గర నిలబడి "మీ నాయన ఎంత బాగా మాట్లాడతాడు ఆశా" అనడం. మన నాయన ఆంజినప్ప, మాట్లాడతాడట. నాతో ఆయన మాట్లాడిన మాటలన్నీ ఏరితే దోసిలి నిండదు. తిన్యావా, బస్సు దొరికిందా, పడుకో. అంతే కదా. చూద్దామని ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. నాయన ఒక పిల్లను ఒడిసిపట్టి, యశస్విని వేళ్ళు దాని నడుం మీద పెట్టించి చూపిస్తున్నాడు. "ఈడ ఒత్తి చూడు పాపా. ఎముక తగలకుండా మెత్తగా ఉండాది కదా, అదీ కండంటే. ఎముక చేతికొచ్చిందంటే అది ఒట్టి బొచ్చే." నేను చిన్నప్పుడు పిల్లల దగ్గరికి పోతే ఏమనేవాడు? "నీకేం పనిమే ఈడ, పో, చదువుకోపో" అని తరిమేవాడు. మన ఇంటి విద్య మన ఇంటి పిల్లకి లేదు, లారీల వెంకటరామి కూతురికి ఉంది.

ఇక నవంబరు వానల సంగతి. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే గొర్రెలు ఈనాయి. దాణా తిన్న గొర్రెల్లో రెండింటి పిల్లలు వానకి తడిసి చచ్చిపోయాయి. బీడు మేత వాటిల్లో ఒకటి ఈనుతూ తానే చచ్చిపోయింది, ఇంకొకదానికి పొదుగు గట్టిపడి చుక్క పాలు రాలేదు. ఒక పక్క పాలుండి బిడ్డల్లేని తల్లులు రెండు, ఇంకో పక్క పాల్లేని బిడ్డలు రెండు. నాయన ఏం చేసి ఉంటాడో నీకు చెప్పాలా? చచ్చిన పిల్లల తోలు ఒలిచి, బతికిన పిల్లలకి చొక్కా తొడిగినట్టు తొడిగి కట్టాడు. కాళ్ళు పట్టుకున్నది నేనే. తల్లులు వాసన చూశాయి, తమ బిడ్డలే అనుకున్నాయి, పాలిచ్చాయి. మూడో రోజుకి తోళ్ళు విప్పేశాడు.

పిల్లలు పుట్టిన రోజే యశస్విని వచ్చి చెవులకి పసుపుపచ్చ నంబరు బిళ్ళలు వేయాలి. మేనత్త ఇంట్లో పెళ్ళని హోసపేటకి పోయి, నాలుగో రోజు వచ్చింది. ఏ పిల్ల ఏ గొర్రె దగ్గర తాగుతుంటే అది దాని బిడ్డే అని రాసుకుంది. రెండు పిల్లలు చచ్చిపోయాయని నాయన చెప్పాడు. బీడు మేత వాటిల్లో రెండు తక్కువ కనబడ్డాయి, కాబట్టి పోయినవి అవే అనుకుంది. నాయన ఊరుకోలేదు పాపం. "ఏందంటే పాపా, ఈ రెండు పిల్లలుండాయి చూడు, ఇవి..." అని మొదలుపెట్టాడు. అప్పుడు నేను అడ్డం పడ్డాను. "నాయనా, దొడ్డి కాడ కుక్కలు తిరుగుతాండాయి, చూడుపో" అన్నాను. అక్కడ కుక్కలూ లేవు, నక్కలూ లేవు. నాయన నా మొహం ఒకసారి చూసి, కట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకలా అన్నావని అడుగుతావు. అప్పటికి గంట నుంచీ వాళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు అక్కా. ఆ మందలో ఒక్క సంగతైనా నాకే తెలిసినది ఉండాలనిపించింది, అంతే. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను, తర్వాత రేపు చెబుదాం అనుకున్నాను. నలభై రోజులయింది.

నీ చెల్లెలు,
ఆశ


బళ్ళారి,
జనవరి 24

అక్కా,

జవాబు రాయలేదు. నాట్లు మొదలై ఉంటాయి, వంగిన నడుం ఎత్తే తీరిక ఉందో లేదో. రాయకపోయినా ఫర్వాలేదు, వింటే చాలు.

ఈ నెల మొదట్లో పశువుల డాక్టరు బండ్రికి వచ్చి, పిల్లల తొడలకు మొద్దుబారే మందు ఇచ్చి, సన్నటి సూదితో బియ్యపు గింజంత కండ తీశాడు. యశస్విని దాన్ని మంచుపెట్టెలో ఇక్కడికి తెచ్చి మయోడి ఎంతుందో, మయోజెనిన్ ఎంతుందో కొలిచింది. దాణా తిన్న గొర్రెల పిల్లలు ఐదు కదా. మూడింటిలో రెండు ప్రోటీన్లూ దండిగా ఉన్నాయి. మిగిలిన రెండింటిలో మాత్రం బీడు మేత పిల్లల్లో ఉన్నంతే ఉన్నాయి. ఆ రెండు ఏవో నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆమెకు తెలియదు కదా. తన చేతిలోనే తప్పు జరిగిందనుకుని మళ్ళీ కొలిచింది. మూడోసారీ కొలిచింది. మూడుసార్లూ అదే వచ్చింది. మేడమ్ ఆ కాగితాలు చూసి, "ఐదింటిలో రెండు ఇట్లా ఉంటే ఇది దాణా మహిమ అని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పేది? వదిలెయ్, ఇది తేలే పని కాదు" అంది. తర్వాత నన్ను పిలిచి, "నీ పని నిదానమే గానీ నమ్మొచ్చు" అంది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. పదో తేదీన సీటు ఎవరిదో చెబుతుంది. అది నాదే.

యశస్విని గాజు సీసాలు కడిగే తొట్టి దగ్గర నిలబడి ఏడ్చింది. నేను వీపు నిమిరాను. నిమురుతూ లోపల ఏమనుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. బాగా అయింది అనుకున్నాను. మూడేళ్ళు నేను ఎలుకల కణాలకు పాలు పోసినట్టు పోసి పెంచుకుంటే, పదినెలల్లో నా సీటూ నా నాయననూ ఒకేసారి పట్టుకుపోదామనుకుందా అనుకున్నాను. ఆ సాయంత్రం రాయల్ సర్కిల్ దగ్గర నాలుగు మిర్చిబజ్జీలు తిన్నాను. ఎన్ని రోజుల తర్వాతో నోటికి రుచి తెలిసింది.

ఒక్కటే నన్ను కుడుతోంది. ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను సూటిగా అడిగింది. "నువ్వు గొర్రెల ఇంట్లో పుట్టినదానివి. నీకేమైనా తోస్తాందా ఆశా?" నేను ఏమన్నానో చూడు. "ప్రాణమున్న జీవాలు కదా యశూ, అన్నీ ఒక్క తీరుగా ఉంటాయా" అన్నాను. యశూ అని కూడా అన్నాను. ఆమె తల ఊపి, "బిడు, వదిలెయ్, నా రాత" అంది.

నేను ఆలోచించుకున్నాను అక్కా. చెప్పను. నేను అబద్ధమేమీ ఆడలేదు, బిళ్ళలు వేసింది నేను కాదు. పుట్టిన రోజు రాకుండా పెళ్ళి భోజనానికి పోయింది తాను. మందలో తోలు కప్పుతారని గొర్రెల మీద పరిశోధన చేసే మనిషికి తెలియకపోతే అది ఎవరి తప్పు? ఆమెకి సీటు రాకపోతే వాళ్ళ నాయన ఇంకో చోట ఇంకో సీటు చూస్తాడు. నాకు రాకపోతే చూసేవాళ్ళెవరు? అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, నిజమే, కానీ తొక్కింది తొక్కాను. ఇప్పుడు నోరు తెరిస్తే దొంగను నేనవుతాను, సీటు ఆమెదవుతుంది. రెండూ నేను మోయలేను.

నాయన మంద తోలుకుని మీ ఊరి మళ్ళలోకి వచ్చాడని విన్నాను. ఇంకా నాటు పడని మళ్ళలో ఎరువుకి మంద నిలుపుతాడు కదా ఏటా. ఈ ఉత్తరం ఆయన కంట పడినా భయం లేదు, చదవలేడు. నీ నోట మాత్రం జారనివ్వకు. చదివి చింపెయ్.

ఆశ


ఎమ్మిగనూరు,
జనవరి 31

ఆశకి,

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. నాకు నీలాగా రాయడం రాదు, చదివి ఎన్నేళ్ళో అయింది. తప్పులుంటే దిద్దుకో.

నువ్వు చింపమన్నావు. చింపలేదు. నాయనకి చదివి వినిపించాను. కోపం వస్తే తెచ్చుకో.

మధ్యాహ్నం సంగటి తీసుకుని మడి దగ్గరికి పోయాను. నాయన గట్టు మీద కంబళి పరుచుకుని కూర్చున్నాడు. రెండూ మొదటినుంచీ చదివాను. కుక్కల మాట దగ్గర ఆపమని, మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "కుక్కల్లేవని నాకు అప్పుడే తెలుసు. కుక్కలొస్తే గొర్రెలు ఊరుకుంటాయా? ఒక్కటీ బెదరలే" అన్నాడు. తెలిసి ఎందుకు పోయావు నాయనా అని అడిగితే, "చదువుకున్న పిల్ల, తానే వివరంగా చెప్తాదేమోలే, నేనెందుకు మధ్యలో అనుకుంటి" అన్నాడు. నువ్వు చెప్పే ఉంటావని ఇన్నాళ్ళూ ఆయన అనుకుంటూ ఉన్నాడు. ఆ పాప ఎప్పుడూ మళ్ళీ అడగలేదు కాబట్టి చెప్పేసినట్టే అనుకున్నాడు.

ఆ పాపతో గంటలు గంటలు నవ్వుతావంట, మా ఆశతో మాట్లాడవంట అని నేనే నిలదీశాను. ఆయన నా వైపు చూడకుండా గొర్రెల వైపు చూస్తూ చెప్పాడు. "ఆ పాపని నేను ఏం అడుగుతానుమే? మా ఆశ యాడ కూసుంటాది, పొద్దన్నుంచీ ఏం చేస్తాది, ఆ మయోడి అంటే ఏంది, ఎలకల్ని చంపుతాదా సాకుతాదా, ఇవే. ఆశని అడిగితే నీకు అర్థం కాదులే నాయనా అంటాది. మూడేండ్లాయె, అదే మాట. ఆ పాపైతే మట్టిలో పుల్లతో గీసి చెప్తాది. ఉత్తినే చెప్పించుకుంటే బాగుండదని నేను నడుం చూసేది చూపిస్తి." ఆయన అన్న మాటలు ఇవే, నేను ఒకటీ కలపలేదు. నిన్ను తిట్టలేదు. చెప్పమని గానీ చెప్పొద్దని గానీ అనలేదు. సంగటి సగం తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఇప్పుడు నా మాట. నాయన నీకు నడుం చూడడం నేర్పలేదని ఏడుస్తున్నావు. నాకు నేర్పాడు. తోలు ఒలవడం, కట్టడం, ఏ తల్లి ఏ పిల్లని ఒప్పుకుంటుందో చెప్పడం అన్నీ నేర్పాడు. అమ్మ పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. నీకు ఆరు. ఒకరు మంద చూడాలి, ఒకరు బడికి పోవాలి అన్నాడు. చిన్నది పోనీలే అని నేనే అన్నాను. అందరూ నన్ను బంగారం అన్నారు. ఎనిమిదేళ్ళు ఆ మంద వెనక తిరిగాను. పొద్దున్నే నువ్వు జడ వేయించుకుని సంచీ తగిలించుకుని పోతుంటే, నీ వీపు కనబడినంత దూరం చూసేదాన్ని. ప్రేమతో చూస్తోంది అక్క అనుకున్నావు నువ్వు. ఓర్వలేనితనం గురించి నువ్వు నాకు రెండు ఉత్తరాలు రాశావు తల్లీ.

నీ లెక్కల పుస్తకం గుర్తుందా? పరీక్షలకి పది రోజులుందనగా గొర్రె నమిలేసిందని చెప్పాను. గొర్రె నమల్లేదు. నేనే చింపి దాని నోట్లో కుక్కాను. ఆ గొర్రె కూడా ఉమ్మేసింది. నువ్వు అన్నం తినకుండా ఏడ్చి ఏడ్చి పడుకున్నావు. నీ పక్కన కూర్చుంటే నాకేం సంతోషం కలగలేదు. మర్నాడు శనగ చేలో కలుపుకి పోతున్నానని చెప్పి, సండూరు దాకా నడిచి పోయి కొత్తది కొనుక్కొచ్చాను. నాయన తెచ్చాడని నీకు చెప్పాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతున్నాను. నీ ఉత్తరంలో పోగుల సంగతి రాశావు, తల్లి కడుపులోనే తేలిపోతాయి, తర్వాత ఎంత మేపినా కొత్తవి రావు అని. మనిషికి కూడా అంతేనేమో నాకు తెలియదు. కానీ చింపిన పుస్తకం బదులు కొత్త పుస్తకం కొనడం మాత్రం మన చేతిలోనే ఉంది. నేను కొన్నాను. నువ్వేం చేస్తావో నీ ఇష్టం.

మీ అక్క,
హొన్నూరమ్మ


బళ్ళారి,
ఫిబ్రవరి 12

అక్కా, నా హొన్నూరక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మొదటిసారి చదివినప్పుడు నీ మీద కోపమే వచ్చింది, నాయనకి చదివి వినిపించావని. రెండోసారికి కోపం పోయి భయం వచ్చింది. తర్వాత ఏం వచ్చిందో దాని పేరు నాకు తెలియదు. రెండు రోజులు ల్యాబ్‌కి పోలేదు, జ్వరమని చెప్పాను.

మూడో రోజు పోయి చెప్పాను. యశస్విని చేతులకి తొడుగులు వేసుకుని సీసాలు కడుగుతోంది. నేను పక్కన నిలబడి, తోలు కప్పడం అంటే ఏమిటో, ఆ రెండు పిల్లలు ఎవరి బిడ్డలో, కాళ్ళు పట్టుకున్నది ఎవరో, నాయన చెప్పబోతే ఆపింది ఎవరో అన్నీ చెప్పాను. మా అక్క ఎనిమిదేళ్ళు ఇదే పని చేసింది, మా ఇళ్ళల్లో ఇది అందరికీ తెలుసు అని కూడా చెప్పాను. ఆమె నీళ్ళు కట్టేసింది.

"నీకెప్పటినుంచి తెలుసు?" అంది.

"కట్టిన రోజునుంచి."

"నేను నిన్ను అడిగిన రోజు కూడా తెలుసా?"

"ఆ రోజు కూడా తెలుసు."

తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా పడేదాన్ని. ఆమె తొడుగులు విప్పి బుట్టలో వేసి, నన్ను దాటుకుని మేడమ్ గదిలోకి పోయింది. రెండు నిమిషాలు ఆగి నేనూ పోయాను. నా తప్పు నా నోటితోనే చెప్పుకోవాలని. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి విన్నది. "పొరపాటు అందరం చేస్తాం. పుట్టిన రోజు పోకపోవడం యశస్విని పొరపాటు. నువ్వు చేసింది పొరపాటు కాదు ఆశా" అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆ పాత కాగితాలు ముందుకు లాక్కుంది.

మొదట్లో గొర్రెలన్నింటి రక్తం తీసి ఫ్రీజర్‌లో దాచి ఉంచారు, చచ్చిన గొర్రెది కూడా. అందులోని జన్యువులను, జనవరిలో తీసిన పిల్లల కండలోని జన్యువులతో సరిపోల్చారు. నేను చెప్పినట్టే తేలింది. ఒకటి చచ్చిన గొర్రె బిడ్డ, ఇంకొకటి పాలు రాని గొర్రె బిడ్డ. వాటిని ఇటునుంచి అటు మార్చగానే కాగితం మొత్తం మారిపోయింది. దాణా తిన్న తల్లుల పిల్లలు మూడింటిలోనూ ప్రోటీన్లు ఎక్కువ, బీడు మేత తల్లుల పిల్లలు ఐదింటిలోనూ తక్కువ. ఎనిమిది పిల్లలతో లోకానికి చాటలేం, వచ్చే ఈతకి ఇంకో మందలో మళ్ళీ చూడాలి అంది మేడమ్. కానీ ఆమె మొహం వెలిగింది. ఎందుకంటే ఆ రెండు పిల్లలూ తాగింది దాణా తిన్న గొర్రెల పాలు. తాగినా బీడు మేత పిల్లల్లాగే ఉండిపోయాయి. కడుపులో జరిగిందెంత, పాలతో జరిగిందెంత అని విడదీసి చూడాలంటే మేం ఎంత తంటాలు పడాలో. మీరు దాన్ని ఏటా దొడ్డిలో చేస్తూనే ఉన్నారు.

మొన్న సీటు ఎవరిదో చెప్పారు. యశస్వినిది. నన్ను మార్చి దాకా ఉండమన్నారు, తర్వాత చూద్దామన్నారు. ఆ చూద్దాం ఎంత పొడుగో నాకు తెలియదు. చెప్పినందుకు మనసు తేలికయిందా అని అడగకు. కాలేదు. బోర్డు మీద ఆమె పేరు చూసినప్పుడు కడుపు భగ్గుమంది, ఇప్పటికీ మండుతూనే ఉంది. మంచి పని చేస్తే మంచిదాన్ని అయిపోతాననుకున్నాను, అదేం లేదు. అదే కడుపు, అదే మంట. కానీ మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ చెబుతాను. అంతవరకు నాకు తెలుసు.

నాయనకి ఫోన్ చేశాను. మయోడి అంటే ఏంది నాయనా చెప్పు అన్నాను. చెప్పాడు అక్కా, తన మాటల్లో, ఒక్క ముక్క తప్పు లేకుండా. నాకు ఏడుపొచ్చి ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నేనే చేసి, ఎలుకల్ని చంపుతానో సాకుతానో అరగంట చెప్పాను.

ఇప్పుడు నీతో చెప్పాల్సింది. ఈ ఊళ్ళో నేను ఓర్వలేని మనుషులు చాలామంది ఉన్నారు. పక్క గది పిల్ల జుట్టు చూసినా నాకు కుళ్ళే. కానీ ఇన్నేళ్ళలో నీ మీద ఒక్కసారి కూడా ఈర్ష్య కలగలేదు. అక్క మీద ప్రేమ కాబట్టి అనుకునేదాన్ని. నీ ఉత్తరం చదివాక నిజం తెలిసింది. నువ్వు నాకు సాటి అని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన మనిషితో నాకు పోటీ ఏమిటి అనుకున్నాను. మన ఇంటి విద్య యశస్విని నేర్చుకుంటుంటే మండిపోయాను గానీ, అది నీ దగ్గర మొదటినుంచీ ఉందని, అది విద్యేనని నాకు ఎన్నడూ తోచలేదు. లెక్కల పుస్తకానికి నేను నిన్ను క్షమించాల్సింది ఏమీ లేదు. నువ్వు నన్ను ఎలా క్షమిస్తావో నాకు తెలియడం లేదు.

యశస్విని వారం రోజుల నుంచీ నాతో మాట్లాడడం లేదు. క్యారియర్‌లో సగం కూడా లేదు. ఇవాళ మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "మీ అక్క ఎనిమిదేండ్లు తోలు కట్టిందన్నావే, ఆమె ఊరు యాడ?" అని అడిగింది. చెప్పాను. ఈ ఆదివారం వాళ్ళ నాయన కారులో నీ దగ్గరికి వస్తుందట. నీ ముందు కూర్చుని, ఏ తల్లి ఏ పిల్లని ఒప్పుకుంటుందో, ఎందుకు ఒప్పుకుంటుందో, ఎన్ని రోజులకి తోలు విప్పాలో అన్నీ అడిగి రాసుకుంటుందట. నేను ఇరవై ఏళ్ళుగా అడగనివన్నీ ఆమె ఒక్క పూటలో అడుగుతుంది, నువ్వు చెబుతావు, ఇద్దరూ నవ్వుకుంటారు. తలచుకుంటేనే నాకు మొదలయింది.

ఆమె పదింటికి చేరుతుందట. కంప్లికి పోయే మొదటి బస్సు ఎక్కితే నేను ఎనిమిదికల్లా మీ ఇంట్లో ఉంటాను. ఆమె వచ్చేలోపల అన్నీ ముందు నాకు చెప్పు.

నీ చెల్లెలు,
ఆశ